ప్రోగ్రాముల వలసలో థ్రెడ్ల చిక్కులు: ఒక సమీక్ష

ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌పై ఏండ్ల తరబడి నిరాటంకముగ నడచిన ప్రోగ్రామును మరియొక ఆపరేటింగ్ సిస్టమ్‌పైకి తరలించునపుడు, అనగా ఈ వృత్తిలోనివారు పోర్టింగ్ అని వ్యవహరించు కార్యమునకు పూనుకొనినపుడు, ఫైళ్ల పేర్లలోని గీతల వాలు, అక్షరముల ఎన్‌కోడింగు, తెరపై విండోల అమరిక మొదలగు భేదములు తొలి దినములలోనే బయటపడి, కంపైలరు చూపిన తప్పుల పట్టికతో పాటే క్రమముగ సమసిపోవును. థ్రెడ్లకు సంబంధించిన భేదములు అట్టివి కావు. అవి కంపైలరునకు కనబడవు. పరీక్షలలో తరచుగ తలయెత్తవు. ప్రోగ్రాము వినియోగదారుని చెంతకు చేరిన పిదప, ఒకానొక వేళ, ఏ సందేశమును ఇవ్వకయే అది నిశ్చేష్టమై నిలిచిపోవును, లేదా లెక్కలో ఒక్క అంకె తప్పును. కారణము కనుగొననెంచి డీబగ్గరును తగిలించిన తోడనే, థ్రెడ్ల నడక కొంచెము మందగించిన హేతువున, ఆ దోషము అదృశ్యమగును.

గడచిన ముప్పది యేండ్లకు పైగా ఈ విషయమున జరిగిన కృషిని, అందలి మార్గములను, వాని జయాపజయములను తూచి చూచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. నా అభిప్రాయమును ముందుగనే తెలుపుదును. ఫంక్షన్ల పేర్లు వేరగుట స్వల్ప విషయము. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ తన థ్రెడ్లకు, ఎచ్చటను స్పష్టముగ చాటకయే, కొన్ని హామీలను ఇచ్చుచుండును. ప్రోగ్రాము వ్రాసినవాడు వానిని హామీలని గుర్తింపకయే వానిపై ఆధారపడును. పేరునకు పేరు మార్చి తరలించినపుడు ఆ హామీ పాత సిస్టమ్‌తోనే నిలిచిపోవును. కావున ఆ మౌన హామీలను వెదకి పట్టి, ప్రోగ్రాములోనే స్పష్టముగ వ్రాయుట దిద్దుబాటునకు మొదటి మెట్టు. ఆ మెట్టెక్కక చేయు మరమ్మతులు దోషమును తరచుగ మరియొక చోటికి జరుపునే గాని నిర్మూలింపవు.

ఈ భేదములకు మూలము చరిత్రలో గలదు. ఏకకాలమున నడచు క్రియల నడుమ పొందిక కుదుర్చుటకై డచ్చి శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965 ప్రాంతమున సెమఫోరును వివరించెను. 1974లో టోనీ హోర్ మానిటర్ అను నిర్మాణమును ప్రతిపాదించుచు, ఒక థ్రెడ్డు మరియొకదానికి మేలుకొలుపు సంకేతమునిచ్చినచో, మేలుకొనినది తత్‌క్షణమే లాకును చేపట్టి ముందునకు సాగుననియు, అది నిరీక్షించిన షరతు ఆ క్షణమున తప్పక సత్యమై యుండుననియు నిర్దేశించెను. ఆరేండ్ల అనంతరము, జిరాక్సు సంస్థవారి మీసా భాషలో గడించిన అనుభవమును 1980లో ప్రకటించిన బట్లర్ లాంప్సన్, డేవిడ్ రెడెల్ అను నిరువురు ఆ నిర్దేశమును సడలించి, మేలుకొలుపు ఒక సూచన మాత్రమేననియు, మేలుకొనిన థ్రెడ్డు తన షరతును తానే మరల పరీక్షించుకొనవలెననియు నిర్ణయించిరి. 1995లో వెలువడిన పాజిక్స్ థ్రెడ్ల ప్రమాణము, అనగా నేడు లినక్సు, మ్యాక్, బి.ఎస్.డి. సంతతి సిస్టములన్నిటను వాడుకలోనున్న పీథ్రెడ్స్, ఈ మీసా సంప్రదాయమునే అనుసరించెను. అంతకు రెండేండ్ల ముందు, 1993లో, డేవ్ కట్లర్ నాయకత్వమున రూపొంది వెలువడిన విండోస్ ఎన్.టి. వేరొక త్రోవను పట్టెను. అందు థ్రెడ్డు, ప్రాసెస్, మ్యూటెక్సు, సెమఫోరు, ఈవెంటు అన్నియు కెర్నెల్ అధీనముననున్న వస్తువులే. ప్రతి వస్తువునకును సంకేతము వెలువడినది, వెలువడనిది అను స్థితి యొకటి గలదు. వాని నన్నిటిని ఒకే రీతిగ నిరీక్షింపవచ్చును. మొదటి సంప్రదాయమున జరిగినదానిని గుర్తుంచుకొను భారము ప్రోగ్రాముది, రెండవదానియందు కెర్నెల్‌ది. పోర్టింగులో కలుగు చిక్కులలో పెక్కింటికి ఈ ఒక్క భేదమే జన్మస్థానము.

దీనిని కొంత దగ్గరగా పరిశీలింతము. విండోస్‌పై వ్రాసిన ఒక సర్వరులో, పనులను క్యూలో చేర్చు థ్రెడ్డు ఒకటియు, వానిని తీసి నెరవేర్చు థ్రెడ్డు ఒకటియు నున్నవనుకొందము. మొదటిది పనిని క్యూలో చేర్చి ఆటో-రీసెట్ ఈవెంటును సెట్ చేయును. రెండవది ఆ ఈవెంటుకై నిరీక్షించి, మేలుకొని, క్యూ ఖాళీయగువరకు పనులను నెరవేర్చి, మరల నిరీక్షణకు పోవును. దీనిని లినక్సుపైకి తరలించువాడు పట్టికను చూచి, సెట్‌ఈవెంట్ ఉన్న చోట కండిషన్ వేరియబుల్ సిగ్నలును, వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్ ఉన్న చోట కండిషన్ వెయిటును వ్రాయును. ప్రోగ్రాము కంపైలగును, నడచును. కాని రెండవ థ్రెడ్డు క్యూ ఖాళీయైనదని చూచి, నిరీక్షణలోనికి ఇంకను ప్రవేశింపని సూక్ష్మ వ్యవధిలో, మొదటి థ్రెడ్డు క్రొత్త పనిని చేర్చి సిగ్నలు పంపినచో, దానిని అందుకొనువాడు లేడు. విండోస్ ఈవెంటు ఊరి చావడి గోడకు అంటించిన కాగితము వంటిది. ఎవరో వచ్చి చదివి తీసివేయువరకు అచ్చటనే యుండును. కండిషన్ వేరియబుల్ సిగ్నలు దండోరా వంటిది. ఆ వేళ వీధిలో లేనివానికి అది వినబడదు. రెండవ థ్రెడ్డు నిద్రలోనికి పోవును. పని క్యూలోనే పడియుండును. పనులు ఎడతెగక వచ్చుచున్నంతసేపు తరువాతి సిగ్నలు వచ్చి ఈ దోషమును కప్పిపుచ్చును; రద్దీ తగ్గినపుడు వచ్చిన చివరి పని మాత్రమే, మరునాటి మొదటి పని వచ్చు పర్యంతము, నెరవేరక నిలిచిపోవును. అందుచేతనే భారీ ఒత్తిడితో చేసిన పరీక్షలలో ఉత్తీర్ణమైన ప్రోగ్రాము నిశిరాత్రి వేళ స్తంభించుట తటస్థించుచున్నది.

దీనికి పెక్కుమంది అవలంబించు ఉపాయము, నిరీక్షణకు గడువు విధించి, కొన్ని మిల్లీసెకన్లకొకమారు థ్రెడ్డును లేపి క్యూను చూడుమనుట. ఇది దోషమును దిద్దుట కాదు, ఆలస్యముగ మార్చుట. బ్యాటరీపై నడచు యంత్రములలో విద్యుత్తును వృథా చేయుట కూడ. సరియైన దిద్దుబాటు వేరు. థ్రెడ్డు దేనికొరకు నిరీక్షించుచున్నదో ఆ షరతును, ఇచ్చట క్యూలో పని యున్నదా యను విషయమును, ఒక లాకు రక్షణలో ఉంచవలెను. ఆ లాకును పట్టియే షరతును పరీక్షింపవలెను. షరతు అసత్యమైనంతకాలము ఒక లూపులో నిరీక్షింపవలెను. పనిని చేర్చువాడు ఆ లాకును పట్టియే చేర్చి, ఆపై సిగ్నలు పంపవలెను. నిరీక్షణలోనికి పోవుటయు లాకును విడుచుటయు అవిభాజ్యముగ జరుగునని పాజిక్స్ హామీ యిచ్చుచున్నది గనుక ఇక సందు దొరకదు. కారణము లేకయే మేలుకొనుట అను వింత ప్రవర్తనను ప్రమాణము అనుమతించుచున్నను, లూపు ఉన్నందున అది హానికరము కాదు. ఇట్లు వ్రాసిన ప్రోగ్రాము విండోస్‌పై సైతము నిర్దోషముగ నడచును. ఏలయన 2007లో వినియోగదారులకు చేరిన విస్టా నుండి విండోస్‌లోను కండిషన్ వేరియబుళ్లు గలవు.

విస్టాకు పూర్వము ఎదురు దిశలో తరలించినవారు పడిన శ్రమను తలంచినచో వారియెడల గౌరవము కలుగును. యూనిక్సుపై వ్రాసిన ప్రోగ్రామును విండోస్‌కు తెచ్చువారు కండిషన్ వేరియబులును సెమఫోరులతోను ఈవెంట్లతోను నిర్మింపవలసి వచ్చెను. నిరీక్షకులందరిని ఒకేమారు లేపునపుడు, అప్పుడే వచ్చిన క్రొత్త నిరీక్షకుడు పాతవాని మేలుకొలుపును అపహరించుటయు, సిగ్నలు ఇచ్చు క్షణమునకును లాకు విడుచు క్షణమునకును నడుమ మేలుకొలుపు నష్టమగుటయు వారిని వేధించినవి. డగ్లస్ ష్మిట్, ఇర్ఫాన్ ప్యారాలీ 1998లో ఈ నిర్మాణములను ఒక్కొక్కదానిని పరిశీలించి, సులభముగ తోచు పద్ధతులలోని లోపములను చూపిరి. విండోస్‌లోని పల్స్‌ఈవెంట్ అను ఫంక్షను ఈ పనికై పుట్టినట్లే కనబడును. కాని నిరీక్షించు థ్రెడ్డును కెర్నెల్ తన పనికై క్షణకాలము నిరీక్షణనుండి తప్పించినపుడు పల్సు దానికి చేరదు గనుక, దానిని వాడవలదని మైక్రోసాఫ్ట్ వారే హెచ్చరించిరి. ఈ పాత అనుకరణలు నేటికిని ఎన్నియో ప్రోగ్రాములలో మిగిలియున్నవి. వానిని తొలగించి సిస్టమ్ సహజముగ నిచ్చు సాధనములను వాడుట అవశ్యకర్తవ్యము.

విండోస్ సంప్రదాయమునందలి మరియొక విశేషము, ఒకే పిలుపులో 64 వస్తువుల వరకు కలిపి నిరీక్షించు సౌకర్యము. ఒక థ్రెడ్డు ముగియుటకో, ఒక ఈవెంటుకో, ఒక టైమరునకో, ఏది ముందైన దానికి, కలిపి వేచియుండవచ్చును. పీథ్రెడ్స్‌లో దీనికి సాటి లేదు. మూల ప్రోగ్రామును మార్చుటకు వీలున్నపుడు నేను సమర్థించు మార్గము, అన్ని సంఘటనలను ఒకే క్యూలోనికి మళ్లించి ఆ క్యూ నొక్కదానినే నిరీక్షించుట. లినక్సులోనే నిలిచిపోవు ప్రోగ్రామైనచో ఈవెంట్‌ఎఫ్‌డి, ఈపోల్ అనునవియు చక్కగ పనికివచ్చును. మూల ప్రోగ్రాము చేతలేనపుడు చిక్కు ఎంతటిదో వైన్ చరిత్ర తెలుపును. విండోస్ ప్రోగ్రాములను మార్పు లేకయే లినక్సు మొదలగు సిస్టములపై నడుపుటకై 1993లో ఆరంభమైన ఈ మహోద్యమములో, విండోస్ నిరీక్షణ నియమములను కచ్చితముగ పాటించుటకై వైన్‌సర్వర్ అను వేరొక ప్రాసెస్ నియమింపబడెను. థ్రెడ్లు తమ కెర్నెల్ వస్తువులపై చేయు ప్రతి నిరీక్షణకును, ప్రతి సంకేతమునకును ఆ ప్రాసెస్‌కు కబురు పంపి జవాబుకై వేచియుండవలసి వచ్చెను. ఆటల ప్రోగ్రాములు సెకనుకు వేలకొలది మారులు ఇట్లు చేయును గనుక వేగము కుంటువడెను. పిమ్మట ఈవెంట్‌ఎఫ్‌డి ఆధారముగ ఒక ఉపాయమును, ఫ్యూటెక్సు అను కెర్నెల్ సాధనము ఆధారముగ మరియొక ఉపాయమును పన్నిరి; వేగము హెచ్చెను గాని, పల్స్‌ఈవెంట్ వంటి కొన్ని సందర్భములలో విండోస్ ప్రవర్తన యథాతథముగ రాలేదు. 2022 జనవరిలో వెలువడిన లినక్సు 5.16లో ఒకేమారు అనేక ఫ్యూటెక్సులను నిరీక్షించు పిలుపు చేరెను. 2025 మార్చిలో వెలువడిన 6.14లో ఎన్‌టీసింక్ అను డ్రైవరు పూర్తిగ చేరి, విండోస్ నిరీక్షణ నియమములను లినక్సు కెర్నెల్‌లోనే నెలకొల్పెను. ముప్పది యేండ్లకు పైబడిన ఈ ప్రయాణము రుజువు చేయునది, ఒక కెర్నెల్ ఇచ్చు హామీని దాని వెలుపల నుండి అనుకరించుట ఎంత దుర్ఘటమో అన్నదే.

లాకుల విషయమున భేదము మరింత సూక్ష్మము. విండోస్‌లోని క్రిటికల్ సెక్షన్ ఒకే థ్రెడ్డు ఎన్ని మారులు కోరినను అనుమతించును. అన్ని మారులు విడిచినపుడే విడుదలయగును. లినక్సులో ప్రత్యేకముగ కోరకయే లభించు మ్యూటెక్సు అట్లు అనుమతింపదు; తాను పట్టిన లాకునే మరల కోరిన థ్రెడ్డు శాశ్వతముగ నిలిచిపోవును. ఒక ఫంక్షను లాకు పట్టి మరియొక ఫంక్షనును పిలుచుట, అదియు ఆ లాకునే పట్టుట పాత ప్రోగ్రాములలో సర్వసామాన్యము. మ్యూటెక్సునకు రికర్సివ్ అను గుణమును తగిలించినచో చిక్కు తీరును. తరలింపు నాటికి అదియే క్షేమకరమని నేనును అంగీకరింతును. కాని అట్టి మ్యూటెక్సును కండిషన్ వేరియబుల్‌తో జత చేసిన చోట మిక్కిలి జాగరూకత వలయును. నిరీక్షణ వేళ విడువబడునది ఒక్క పట్టు మాత్రమే. రెండు మారులు పట్టిన థ్రెడ్డు ఒక పట్టును విడువకయే నిద్రించును. దానిని మేలుకొలుపవలసిన థ్రెడ్డు ఆ లాకు కొరకే వేచియుండును. లాకు పట్టిన ప్రాసెస్ మరణించినచో ఏమగును అనునది మరియొక ప్రశ్న. విండోస్ మ్యూటెక్సు తరువాతి నిరీక్షకునికి యజమాని గతించెనని తెలిపి లాకును అప్పగించును. పాజిక్స్‌లో రోబస్ట్ మ్యూటెక్సు అను పేర ఇట్టి సౌకర్యము 2008 నాటి ప్రమాణములో చేరెను. దానిని కోరి తెచ్చుకొనవలెనే గాని తనంత తాను రాదు.

థ్రెడ్డును బయటినుండి చంపుట, ఆపుట అను విషయములపై విస్తరించి వ్రాయనక్కరలేదు. విండోస్‌లోని టెర్మినేట్‌థ్రెడ్ ఆ థ్రెడ్డు పట్టిన క్రిటికల్ సెక్షన్లను విడువదు. పాజిక్స్‌లోని క్యాన్సెల్ విధానము వేరు. ఆండ్రాయిడ్ లైబ్రరీలో అది అసలే లేదు. ముగియవలెనని తెలుపు ఒక గుర్తును థ్రెడ్డు తానే చూచుకొని వైదొలగునట్లు వ్రాయుట యొక్కటే అన్ని సిస్టములకును చెల్లు మార్గము.

యూనిక్సు సంతతినుండి విండోస్‌కు పోవు దారిలో పెద్ద అవరోధము ఫోర్క్. ఒక ప్రాసెస్ తన ప్రతిరూపమును సృజించు ఈ పిలుపు విండోస్ ప్రోగ్రాములకు లభింపదు. అది ఉన్న సిస్టములలో సైతము థ్రెడ్లతో దానికి పొసగదు. ఒక థ్రెడ్డు లాగ్ ఫైలులో వ్రాయుచు లాగ్ లాకును పట్టియున్న క్షణముననే, మరియొక థ్రెడ్డు ఫోర్క్ పిలిచెననుకొందము. పిల్ల ప్రాసెస్‌లోనికి వచ్చునది పిలిచిన థ్రెడ్డు ఒక్కటే. కాని మెమరీ యావత్తును అట్లే నకలగును గనుక లాగ్ లాకు పట్టువడిన స్థితిలోనే వచ్చును. దానిని విడువవలసిన థ్రెడ్డు ఆ లోకమున లేనేలేదు. పిల్ల ప్రాసెస్ మొదటి వాక్యమును లాగులో వ్రాయబోయి అచ్చటనే నిలిచిపోవును. అందుచేతనే బహుథ్రెడ్ల ప్రాసెస్‌లో ఫోర్క్ పిమ్మట, ఎగ్జెక్ పిలుచువరకు, సిగ్నల్ హ్యాండ్లరులో సైతము క్షేమమైన కొలది ఫంక్షన్లను మాత్రమే వాడవలెనని ప్రమాణము శాసించుచున్నది. పైథాన్ భాషవారు మ్యాక్ సిస్టమ్‌పై మల్టీప్రాసెసింగునకు ఫోర్క్‌ను సహజ పద్ధతిగ ఉంచుట 2019లో 3.8 నుండి మానిరి. లినక్సుపై సైతము 2025లో 3.14 నుండి మానిరి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు 2005 జనవరిలో 8.0 నుండి విండోస్‌పై స్వతంత్రముగ నడచుటకు, ఫోర్క్ వలన వారసత్వముగ సంక్రమించు సమాచారమంతటిని క్రొత్త ప్రాసెస్‌కు విడిగ అందించు ఏర్పాటును, యూనిక్సు సిగ్నళ్లకు బదులుగ నేమ్డ్ పైపును వినుచుండు ఒక థ్రెడ్డును కల్పింపవలసి వచ్చెను. అపాచీ వెబ్ సర్వరువారు 2002 నాటి 2.0లో ప్రాసెస్‌ల, థ్రెడ్ల ఏర్పాటునే ఒక మార్చదగిన మాడ్యూలుగ వేరు చేసి, యూనిక్సుకును విండోస్‌కును వేరు వేరుగ వ్రాసిరి. నా దృష్టిలో ఈ వేర్పాటు పోర్టింగు చరిత్రలోని మేలైన నిర్ణయములలో నొకటి. ఒకే నమూనాను రెండు సిస్టములపై బలవంతముగ రుద్దుటకు వారు యత్నింపలేదు.

ఒకే ప్రమాణమును పాటించుచున్నామను సిస్టముల నడుమ తరలింపు సులభమని తలంచుట కూడ భ్రమయే. జేవియర్ లెరాయ్ 1996 ప్రాంతమున రచించిన లినక్సుథ్రెడ్స్ అను లైబ్రరీలో ప్రతి థ్రెడ్డునకును వేరు వేరు ప్రాసెస్ సంఖ్య యుండెడిది. సొలారిస్‌పై నడచిన సర్వరు తన సంఖ్యను ఒక ఫైలులో వ్రాసి, దానిని చూచి సిగ్నళ్లు పంపుకొనుచుండగా, లినక్సుపై ఒక్కొక్క థ్రెడ్డు అడిగినపుడు ఒక్కొక్క సంఖ్య వచ్చుచుండెను. పంపిన సిగ్నలు ఆ ఒక్క థ్రెడ్డునకే చేరుచుండెను. ఉల్రిచ్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ నిర్మించిన ఎన్.పి.టి.ఎల్. అను క్రొత్త లైబ్రరీ 2003లో లినక్సు 2.6తో స్థిరపడిన పిమ్మటనే ఈ అవస్థ తీరెను. అప్పటికి సొలారిస్ సైతము, పెక్కు థ్రెడ్లను కొలది కెర్నెల్ థ్రెడ్లపై పంచు తన పాత పద్ధతిని 2002లో విడిచి, ఒకటికొకటి అను పద్ధతికి మారియుండెను. ఫ్రీబీఎస్‌డీ 2008లో 7.0 నుండి ఆ త్రోవనే పట్టెను. మ్యాక్ సిస్టమ్‌లో పేరులేని సెమఫోరును సృజించు ఫంక్షను ఉన్నది, కంపైలగును, కాని పిలిచినచో ఈ సౌకర్యము లేదని తప్పు సంఖ్యను మాత్రము ఇచ్చును. ఆ సంఖ్యను పరీక్షింపని ప్రోగ్రాము, రక్షణ యున్నదను నమ్మకముతో రక్షణ లేకయే నడచును. నా యెరుకలోని ప్రమాదములలో ఇంతకంటె మోసకారి యైనది లేదు.

పరిమాణముల వలన కలుగు దోషములు వేరొక తెగ. థ్రెడ్డు స్టాకు విండోస్‌పై సామాన్యముగ 1 ఎం.బి.; గ్లిబ్‌సి లైబ్రరీని వాడు లినక్సుపై సాధారణముగ 8 ఎం.బి.; మ్యాక్‌పై ప్రధానము కాని థ్రెడ్లకు 512 కె.బి.; ఆల్పైన్ లినక్సు వాడు మజిల్ లైబ్రరీలో 2019 నుండి 128 కె.బి. మాత్రమే. డెబియన్‌పై చక్కగ నడచిన ప్రోగ్రాము ఆల్పైన్ కంటెయినరులో కూలినదన్నచో మొదట చూడవలసినది ఈ అంకెనే. థ్రెడ్డును సృజించు చోటనే కావలసిన పరిమాణమును వ్రాసినచో వివాదము లేదు. కాలము విషయమునను ఇట్లే. విండోస్ గడియారము సహజముగ సుమారు 15.6 మిల్లీసెకన్లకొకమారు అడుగు వేయును గనుక, ఒక మిల్లీసెకను నిద్రింపుమన్న థ్రెడ్డు పదునైదు వరకు నిద్రింపవచ్చును. లినక్సుపై అదియే థ్రెడ్డు ఒకటికి కొంచెము మించి లేచును. అట్టి నిద్రతో నడచు లూపు లినక్సుకు వచ్చినపుడు అనేక రెట్లు ఎక్కువగ తిరిగి సి.పి.యు.ను హరించును. గడువుతో కూడిన నిరీక్షణను విండోస్ ఇంతసేపని కొలుచును. పాజిక్స్ ఫలాని వేళవరకని, అదియు గోడ గడియారమును బట్టి కొలుచును. నెట్‌వర్కు ద్వారా ఆ గడియారమును వెనుకకు సవరించినచో, ఐదు సెకన్ల నిరీక్షణ గంటసేపు సాగవచ్చును. మొనోటానిక్ గడియారమును వాడుమని లినక్సులో ముందుగ తెలుపవచ్చును. మ్యాక్‌పై ఆ వెసులుబాటు లేదు గనుక అచ్చటి ప్రత్యేక ఫంక్షనును ఆశ్రయింపవలెను.

ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు ప్రాసెసరు కూడ మారినపుడు చిక్కు లోతునకు దిగును. ఇంటెల్ యంత్రములలో ఒక థ్రెడ్డు వరుసగ వ్రాసిన విలువలు ఇతర థ్రెడ్లకు ఆ వరుసలోనే కనబడును. ఆర్మ్ యంత్రములలో అట్టి హామీ లేదు. సమాచారమును వ్రాసి, పిమ్మట సిద్ధమని గుర్తు పెట్టిన థ్రెడ్డును చూచు వేరొక థ్రెడ్డునకు, గుర్తు ముందును సమాచారము వెనుకను కనబడవచ్చును. విజువల్ సి++ కంపైలరు ఇంటెల్ యంత్రములపై వోలటైల్ అను పదమునకు భాషా ప్రమాణములో లేని అదనపు రక్షణ నిచ్చును, ఆర్మ్‌పై కోరనిదే ఇవ్వదు; దానిని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు ఎన్నియో గలవు. ఆపిల్ సంస్థ 2020లో తన ఎం1 యంత్రములను వెలువరించినపుడు, పాత ఇంటెల్ ప్రోగ్రాములు నడుచుటకై ఇంటెల్ వరుసనే పాటించు ఒక విధానమును ప్రాసెసరులోనే ఉంచెను. అనువాదమునకు గురియైన ప్రోగ్రాములకు ఆ రక్షణ యున్నది, ఆర్మ్‌కు నేరుగ కంపైలు చేసిన వెంటనే అది తొలగును. భాషకే ఒక మెమరీ నమూనా లేనిదే థ్రెడ్లను లైబ్రరీ మాత్రముగ నిర్మింపజాలమని హాన్స్ బోమ్ 2005లో వాదించెను. 2011 నాటి సి, సి++ ప్రమాణములు ఆ లోటును తీర్చినవి. గుర్తుగ వాడు ప్రతి చరరాశిని అటామిక్‌గ ప్రకటించుట నేడు తప్పించుకొనరాని కర్తవ్యము.

ఈ భేదములను కప్పుటకై నడుమ ఒక పొరను నిర్మించుట చిరకాలపు పద్ధతి. నెట్‌స్కేప్ వారి ఎన్.ఎస్.పి.ఆర్., అపాచీ వారి ఎ.పి.ఆర్., క్యూట్, బూస్ట్ మొదలగునవి ఈ కోవకు చెందినవి. 2011 నాటి సి భాషా ప్రమాణము తన థ్రెడ్ల శీర్షికను ప్రకటించినను, గ్లిబ్‌సిలో అది 2018లోను, మైక్రోసాఫ్ట్ కంపైలరులో 2023లోను మాత్రమే ప్రవేశించెను. సి++ థ్రెడ్లు అంతకంటె త్వరగ వ్యాపించి నేడు సహజమైన ఎంపికగ నున్నవి. పొరను నిర్మించువారు రెండు రకములుగ పోవుదురు. కొందరు విండోస్ ఈవెంటు, విండోస్ మ్యూటెక్సు అను పరికరములనే పాజిక్స్‌పై తిరిగి కల్పింతురు. మరికొందరు తమ ప్రోగ్రామునకు నిజముగ కావలసిన పనుల క్యూ, ఒకమారే తెరువబడు ద్వారము, ముగింపు సూచన అను కొలది రూపములను నిర్వచించుకొని, ప్రతి సిస్టమ్‌పైన వానిని వేరుగ వ్రాయుదురు. మొదటి పద్ధతిలో ఆరంభము సులభము, అంతము దుర్లభము. రెండవదానిలో తొలి నెలలు కష్టము, పిమ్మటి ఏండ్లు సుఖము. నేను రెండవదాని పక్షమువాడను. ఇందుకు అపవాదము లేకపోలేదు. ఎస్.క్యూ.ఎల్. సర్వరును 2017లో లినక్సుపైకి తెచ్చిన మైక్రోసాఫ్ట్ వారు, డ్రాబ్రిడ్జ్ అను పరిశోధననుండి పుట్టిన పొరను అడుగున పరచి, విండోస్ ప్రవర్తనను అందులోనే నిలిపిరి. అంతటి విస్తారమైన ప్రోగ్రామును తిరిగి వ్రాయుటకంటె అది వివేకమే. కాని అట్టి పొరను పోషించు శక్తి కొలది సంస్థలకే యుండును.

దోషములను పట్టు సాధనముల విషయమున నేటివారు అదృష్టవంతులు. వాల్‌గ్రిండ్‌లోని హెల్‌గ్రిండ్, గూగుల్ వారి థ్రెడ్‌శానిటైజర్ అనునవి, రెండు థ్రెడ్లు రక్షణ లేక ఒకే చరరాశిని తాకిన ఘట్టమును, ఆ మారు హాని జరుగకపోయినను, ఏ పంక్తి ఏ పంక్తితో తగవుపడినదో చూపును. థ్రెడ్‌శానిటైజర్ వలన ప్రోగ్రాము 5 నుండి 15 రెట్లు మందగించినను అది చెల్లింపదగిన మూల్యమే. అది విండోస్‌పై లభింపదు. కావున విండోస్‌నుండి లినక్సుకు వచ్చిన ప్రోగ్రాములో అది చూపు తప్పులలో పెక్కు, తరలింపు వలన పుట్టినవి కాక, విండోస్‌పై ఏండ్లుగ దాగియున్నవే యగును. థ్రెడ్ల అల్లికలను ఒక క్రమమున మార్చి మార్చి నడిపి దోషమును రప్పించు చెస్ అను సాధనమును మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2008లో ప్రకటించిరి. ఆ త్రోవ మరింత ఆదరణకు అర్హమని నా నమ్మకము. నిలిచిపోయిన ప్రోగ్రామును చంపివేసి మరల నడుపుట కంటె, అన్ని థ్రెడ్ల స్టాకులను ఒక్కమారు వ్రాయించి చూచుట వేయి రెట్లు మేలు. ఎవరు ఏ లాకును పట్టి ఏ లాకునకై వేచియున్నారో ఆ ఒక్క కాగితమే తెలుపును.

హైదరాబాదులోను బెంగుళూరులోను, అమెరికాలోను ఇట్టి తరలింపు పనులలో నిమగ్నులైన తెలుగు యువకులు, యువతులు అనేకులు గలరు. వారికి నా విన్నపము ఒకటి. క్రొత్త సిస్టమ్‌ను తాకకముందే, పాత సిస్టమ్‌పైననే, ప్రతి లాకు ఏ సమాచారమును కాచుచున్నదో, ప్రతి నిరీక్షణ ఏ షరతుకొరకో, ఏ థ్రెడ్డు ఎవరిచే ముగింపబడునో ఒక్కొక్క వాక్యముగ వ్రాయుడు. వ్రాయలేని చోట దోషము గలదని తలంచి అచ్చటనే దిద్దుడు. ఆ పట్టికను తరలింపు ముగిసిన పిదప పారవేయక, మూల ప్రోగ్రాముతో పాటే భద్రపరుపుడు.